బొంత మీదే తొలి బడి

నవ్వితే నువ్వుండలు. బోర్లా పడితే బొబ్బట్లు. కూర్చుంటే కుడుములు. పాకితే పాకుండలు. అడుగులేస్తే అరిసెలు... చంటిబిడ్డ ఉన్న ఇంట్లో ఏడాది తిరిగేలోగా ఇన్ని పిండివంటలు చేసి ఇరుగుపొరుగుకి పంచాలన్నది మన పెద్దలు పెట్టిన లెక్క. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ‘గుంటడు బోర్లా పడ్డాడు’ అంటే వీధి వీధికీ తెలియాల్సిన కబురే. ఇంటిని బట్టి పిండివంట మారొచ్చు. బొబ్బట్ల బదులు బూరెలు రావచ్చు. వరస మాత్రం దాదాపు ఒక్కటే. ముందు నవ్వు, తర్వాత బోర్లా పడటం, కూర్చోవటం, పాకటం, చివరికి నడక. పిల్లల డాక్టర్ల గదుల్లో గోడకి తగిలించి ఉండే ఎదుగుదల పట్టిక చెప్పేదీ ఇదే.

అయితే నవ్వు తప్ప మిగిలిన మెట్లన్నిటికీ కావలసింది ఒక్కటే... నేల. చంకలో ఉన్న బిడ్డ బోర్లా పడలేదు. ఉయ్యాల్లో ఉన్న బిడ్డ పాకలేదు. ఒకప్పుడు పాత చీరలు నాలుగైదు కలిపి కుట్టిన బొంత వసారాలో పరిచి బిడ్డను వదిలితే, పనుల మధ్య అందరి కళ్ళూ అటే ఉండేవి. ఇప్పుడు చాలా ఇళ్ళలో బిడ్డ పగలంతా చేతులు మారుతుంటుంది. చేతులు ఖాళీ లేకపోతే ఉయ్యాల. అది కాకపోతే బౌన్సర్, ఆపైన వాకర్. మధ్యమధ్య దిండ్ల నడుమ కూర్చోబెట్టి ఎదురుగా సెల్‌ఫోన్. పిండివంటలు అందరికీ గుర్తున్నాయి. వాటిని సంపాదించిపెట్టే బొంత మాత్రం మడతపడి అటకెక్కింది.

స్నానంలోనే మొదటి పాఠం

చంటిబిడ్డ స్నానం చూడండి. అమ్మమ్మో నాయనమ్మో పీట మీద కూర్చుని కాళ్ళు బారుగా చాపుతుంది. బిడ్డను ఆ కాళ్ళ మీద ముందు వెల్లకిలా పడుకోబెట్టి నువ్వుల నూనెతో ఛాతీ, చేతులు, కాళ్ళు రాస్తుంది. తర్వాత బోర్లా తిప్పి వీపు, నడుము రుద్దుతుంది. బోర్లా ఉన్న ఆ కాసేపట్లో బిడ్డ మెడ బిగబట్టి తల ఎత్తడానికి ప్రయత్నిస్తుంది. పడిపోతుంది. మళ్ళీ ఎత్తుతుంది. పాశ్చాత్య దేశాల డాక్టర్లు ‘టమ్మీ టైమ్’ అని పేరు పెట్టి తల్లులకు ప్రత్యేకంగా నేర్పిస్తున్నది సరిగ్గా దీన్నే.

వాళ్ళు నేర్పించాల్సి రావడానికి ఓ కారణం ఉంది. అక్కడ చాలాకాలం పసిపిల్లల్ని బోర్లా పడుకోబెట్టి నిద్రపుచ్చేవాళ్ళు. నిద్రలో హఠాత్తుగా ఊపిరి ఆగిపోయే మరణాలకు, ఈ అలవాటుకు సంబంధం ఉందని తేలడంతో 1992లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం ఆ పద్ధతి వద్దంది. 1994 నుంచి ‘వెల్లకిలా నిద్రపుచ్చండి’ అంటూ దేశమంతా ప్రచారం చేశారు. తర్వాతి ఏళ్ళలో అక్కడ అలాంటి మరణాలు సగానికి పైగా తగ్గాయి. అయితే భయంకొద్దీ తల్లిదండ్రులు మెలకువగా ఉన్నప్పుడు కూడా బిడ్డను బోర్లా వేయడం మానేశారు. పిల్లల తలలు వెనకవైపు చదునుగా మారడం ఎక్కువైంది. దాంతో డాక్టర్లు రెండో సగం కూడా చెప్పాల్సి వచ్చింది. నిద్ర వెల్లకిలా, ఆట బోర్లా! ఈ రెండు మాటలూ కలిపే గుర్తుపెట్టుకోవాలి. ఒకటి పాటించి ఇంకోటి వదిలేయకూడదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 ఏప్రిల్‌లో అయిదేళ్ళలోపు పిల్లల కోసం మార్గదర్శకాలు ఇచ్చింది. ఏడాదిలోపు బిడ్డ, ఇంకా పాకడం రాకపోతే, మెలకువలో ఉన్నప్పుడు రోజు మొత్తం మీద కనీసం 30 నిమిషాలు బోర్లా ఉండాలంది. ఒకేసారి కాదు, విడతలు విడతలుగా. ఎత్తుకునే సంచిలోనో, బెల్టు కట్టే కుర్చీలోనో గంటకు మించి ఒకేచోట కదలకుండా ఉంచొద్దంది. ఏడాదిలోపు పిల్లలకు టీవీ, ఫోన్ తెరలు అసలే వద్దంది.

స్నానంలో దొరికేవి అయిదారు నిమిషాలు. మిగిలిన సమయం బొంత మీదే దొరకాలి.

స్నానం చేయించే పెద్దవాళ్ళకు ఒక మనవి. నూనె రాయడం, మెల్లగా రుద్దడం, మాట్లాడుతూ చేయించడం... ఇవన్నీ మంచివే. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయడం, ముక్కులో నోటితో ఊదడం, కాళ్ళు పట్టుకుని తలకిందులుగా వేలాడదీయడం, కీళ్ళు బలంగా లాగడం మాత్రం మానేయాలి. ముక్కు నొక్కితే కోటేరు ముక్కు రాదు. స్నానం తర్వాత వేసే సాంబ్రాణి పొగ కూడా పసి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

మెడ నిలబడితేనే నడుము

అప్పుడే పుట్టిన బిడ్డ పొడవులో నాలుగో వంతు తలే ఉంటుంది. అంత బరువును మోయడం మెడకు పెద్ద పని. బిడ్డకు బలం పైనుంచి కిందికి వస్తుంది. ముందు మెడ, తర్వాత భుజాలు, చేతులు, నడుము, ఆ తర్వాత కాళ్ళు. మెడ నిలవని బిడ్డకు నడుము నిలవదు. నడుము నిలవని బిడ్డను దిండ్ల మధ్య ఎంతసేపు కూర్చోబెట్టినా కూర్చోవడం రాదు. బోర్లా ఉన్నప్పుడు బిడ్డ నేలను చేతులతో నెడుతుంది. అప్పుడే భుజాలు గట్టిపడతాయి, మూసుకున్న గుప్పిళ్ళు తెరుచుకుంటాయి. రేపు ముద్ద నోట్లో పెట్టుకోవడానికీ, ఎల్లుండి పలక మీద అక్షరం దిద్దడానికీ ఆ భుజాల బలమే ఆధారం.

తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు పెట్టడం మన దగ్గర వాడుక. నిద్రపోయే పసిబిడ్డకు ఏ దిండూ అక్కర్లేదని డాక్టర్ల మాట. మెత్తటి దిండులో ముఖం కూరుకుపోతే ఊపిరాడదు. తల చదును కాకుండా ఉండాలంటే పగలు కాసేపు బోర్లా వేయాలి. నిద్రలో తల ఒక రాత్రి ఒకవైపు, మరుసటి రాత్రి రెండోవైపు తిరిగి ఉండేలా చూస్తే చాలు. పాలు పట్టేటప్పుడు, ఎత్తుకునేటప్పుడు కూడా చేయి మారుస్తుండాలి.

నెల నెలా ఏం చేయాలి?

మొదటి నెల: బొంత దాకా వెళ్ళక్కర్లేదు. అమ్మ కాస్త వెనక్కి వాలి కూర్చుని బిడ్డను తన ఛాతీ మీద బోర్లా పడుకోబెట్టుకుంటే చాలు. అమ్మ గొంతు వినబడితే ముఖం చూడాలని బిడ్డ తల ఎత్తుతుంది. రోజుకు రెండు మూడుసార్లు, ఒక్కోసారి రెండు మూడు నిమిషాలు. నాన్న కూడా చేయొచ్చు. పాలివ్వడం తప్ప పసిబిడ్డకు అమ్మ చేసే పనుల్లో నాన్న చేయలేనిది లేదు.

రెండో నెల: ఇక బొంత మీదికి దించండి. మంచం, పరుపు వద్దు. పరుపు మెత్తగా ఉంటే బిడ్డ చేతులకు ఆసరా దొరకదు, పడిపోయే ప్రమాదమూ ఉంది. ఈ వయసులో బిడ్డకు బాగా కనబడేది జానెడు, జానెడున్నర దూరమే. కాబట్టి మీరూ నేల మీద పడుకుని ముఖం బిడ్డ ముఖానికి ఎదురుగా పెట్టండి. బాగా నల్లగా, బాగా తెల్లగా ఉండే బొమ్మలు, పెద్ద గళ్ళ గుడ్డ అయినా సరే, బిడ్డ చూపును పట్టి ఉంచుతాయి.

మూడో నెల: తల ఎత్తి కాసేపు నిలబెడుతుంది. మోచేతుల మీద ఆనుతుంది. కష్టపడుతుంటే తువ్వాలును చుట్టగా చుట్టి ఛాతీ కింద పెట్టండి. చేతులు చుట్టకు ముందువైపు ఉండాలి. మెలకువగా ఉన్నప్పుడు, మీరు పక్కన ఉంటే, ఒత్తిగిలి కూడా పడుకోబెట్టొచ్చు. వీపు వెనక తువ్వాలు ఆసరా ఉంచితే రెండు చేతులూ ఒకచోట కలుస్తాయి. తన చేతులు తనవేనని బిడ్డ తెలుసుకునేది అప్పుడే.

నాలుగు నుంచి ఆరు నెలలు: గిలక్కాయ పట్టుకుంటుంది. ఎదురుగా పెట్టకుండా పక్కకి, కాస్త అందీ అందకుండా పెట్టండి. దాని కోసం తిరగబోయి ఓ రోజు బోర్లా పడుతుంది. చేయి కింద ఇరుక్కుంటే మీరు లాగేయకండి. ఒక్క నిమిషం ఆగండి, తనే తీసుకుంటుంది. ఆ గెలుపు బిడ్డదే కావాలి.

ఆరు నుంచి తొమ్మిది నెలలు: ముందు చేతులు నేలకు ఆనించి మూడు కాళ్ళ పీటలా కూర్చుంటుంది. చుట్టూ బొంత ఉంటే చాలు, దిండ్ల కోట అక్కర్లేదు. ఒరిగితే చేయి ఆనించి ఆపుకోవడం బిడ్డ నేర్చుకోవాల్సిన విద్య. బొమ్మను రెండడుగుల దూరంలో పెడితే పాకడానికి చూస్తుంది. ముందుకు రాబోయి వెనక్కి పోతుంటే పాదాల దగ్గర మీ అరచేతిని గోడలా ఉంచండి.

తొమ్మిది నెలల తర్వాత: మంచం పట్టెనో, అమ్మ మోకాలినో పట్టుకుని లేస్తుంది. పట్టుకునే పక్కకి అడుగులు వేస్తుంది. ఇంట్లో చెప్పులు, బూట్లు వద్దు. ఉత్త కాళ్ళతో ఉంటేనే వేళ్ళు నేలను పట్టుకుంటాయి.

‘ఏడిపిస్తావెందుకే?’

కొత్త తల్లికి అసలు కష్టం ఇక్కడుంది. డాక్టరు చెప్పాడని బిడ్డను బోర్లా వేస్తుంది. అర నిమిషంలో బిడ్డ మొహం ఎర్రగా చేసుకుని గీ పెడుతుంది. వంటింట్లోంచి అత్తగారు వచ్చి ‘ఏడిపిస్తావెందుకే?’ అంటూ ఎత్తేసుకుంటుంది. కోడలు ఊరుకుంటుంది. మర్నాటి నుంచి బొంత పరవదు.

ఇద్దరి మాటలోనూ నిజముంది. గుక్కపట్టి ఏడ్చేదాకా బిడ్డను వదిలేయడం ఎవరూ చెప్పిన పద్ధతి కాదు. మూలిగినప్పుడు పలకరించాలి, వీపు నిమరాలి, ముఖం చూపించాలి. ఏడుపు మొదలైతే ఎత్తుకోవాలి. కాసేపాగి మళ్ళీ వేయాలి. ఇవాళ నిమిషం ఉన్న బిడ్డ వచ్చే వారానికి మూడు నిమిషాలు ఉంటుంది. పాలు తాగిన వెంటనే కాకుండా, గుడ్డలు మార్చిన తర్వాతో, నిద్రలేచి హుషారుగా ఉన్నప్పుడో వేస్తే ఏడుపు సగం తగ్గుతుంది. ఒంటరిగా వదిలి మాత్రం గడప దాటకూడదు. బోర్లా ఉండగానే నిద్రపోతే వెల్లకిలా తిప్పేయాలి.

పలాస జీడిపప్పు పరిశ్రమలో పనికి వెళ్ళే తల్లికో, పొలానికి వెళ్ళే తల్లికో రోజంతా బిడ్డ దగ్గర కూర్చోవడం కుదరదు. అరగంటను పది ముక్కలు చేస్తే ఒక్కోటి మూడు నిమిషాలే. పొద్దున రెండుసార్లు అమ్మ, పగలు నాలుగైదుసార్లు నాయనమ్మ, రాత్రి నాన్న పంచుకుంటే లెక్క సరిపోతుంది. అందుకే ఈ సంగతి అమ్మకొక్కదానికే తెలిస్తే చాలదు, నాయనమ్మకూ తెలియాలి. పగటి బడికి టీచరు ఆవిడే!

బొమ్మ ఖరీదు ఎంత?

వేలు పోసి ఆట చాపలు, వేలాడే బొమ్మలు కొనక్కర్లేదు. మూడు నెలల బిడ్డకు అమ్మ ముఖాన్ని మించిన బొమ్మ లేదు. ఆరు నెలల బిడ్డకు స్టీలు గిన్నె, చెక్క గరిటె ఇచ్చి చూడండి. గిన్నెలో తన మొహం చూసుకుంటుంది, మోగిస్తుంది, దొర్లిస్తుంది, దాని వెనకాలే వెళుతుంది. అనకాపల్లి జిల్లాలో ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్రతో చేసి లక్క పూసిన అక్కడి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. మొక్కల నుంచి తీసిన రంగులు వేసిన గిలక్కాయ అయితే నోట్లో పెట్టుకుంటుందన్న బెంగ తక్కువ. కొనేముందు రంగు ఏమిటో అడగండి. చిన్న ముక్కలు ఊడివచ్చేలా ఉంటే మాత్రం వద్దు.

బిడ్డను నేల మీదికి దించేముందు మీరూ ఓసారి బోర్లా పడుకుని ఇల్లు చూడండి. చింతపిక్క, నాణెం, వేరుశనగ గింజ, పూస, బటన్ బ్యాటరీ... బిడ్డ కంటికి ఏవి ఆనతాయో అప్పుడు తెలుస్తుంది. ఇవేవీ బిడ్డ చేతికి అందకూడదు. ఉద్దానం వైపు జీడిపిక్కలు ఒలిచే ఇళ్ళలో ఇంకాస్త జాగ్రత్త పడాలి. పిక్క పైతొక్కలో ఉండే నూనె చర్మాన్ని పొక్కిస్తుంది. ఒలిచే చోటు, బిడ్డ ఆడే చోటు వేరుగా ఉండాలి. పని చేసిన చేతులు బాగా కడుక్కున్నాకే బిడ్డను ఎత్తుకోవాలి.

ఇక వాకర్. బిడ్డ తొందరగా నడుస్తుందని బంధువులు కానుకగా తెస్తుంటారు. నిజానికి వాకర్‌లో కూర్చున్న బిడ్డ నడవడం లేదు, వేళ్ళతో నేలను తంతోంది. తన పాదాలు తనకు కనబడవు. తూలితే ఆపుకునే అవసరం లేదు. దానివల్ల నడక ముందు రాదు సరికదా, మెట్ల మీంచి దొర్లడం, వేడి పాత్రలు అందుకోవడం లాంటి ప్రమాదాలు జరుగుతాయి. కెనడా 2004లో వాకర్ల అమ్మకాన్నే నిషేధించింది. మన మూడు చక్రాల చెక్కబండి సంగతి వేరు. దాన్ని తోయాలంటే బిడ్డ ముందు తన కాళ్ళ మీద తను నిలబడాలి. పట్టుకుని నిలబడటం బాగా వచ్చాక, పెద్దవాళ్ళు పక్కన ఉండి ఆడించొచ్చు.

తొందర వద్దు... అలసత్వమూ వద్దు

పక్కింటి పాప ఏడో నెలలోనే పాకింది, మనవాడు ఇంకా పాకలేదు... ఈ పోలిక చాలామంది తల్లులకు నిద్ర లేకుండా చేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇండియాతో సహా అయిదు దేశాల్లో ఆరోగ్యంగా ఉన్న పిల్లల్ని గమనించి 2006లో ఫలితాలు ప్రకటించింది. ఆసరా లేకుండా కూర్చోవడం కొందరికి నాలుగో నెల ముందే వస్తే, కొందరికి తొమ్మిది నెలలు దాటాక వచ్చింది. ఒంటరిగా నడవడం ఎనిమిది నెలల నుంచి పదిహేడున్నర నెలల మధ్య ఎప్పుడైనా వచ్చింది. నూటికి నలుగురు పిల్లలు చేతులు, మోకాళ్ళ మీద పాకనే లేదు. అంటే కొన్ని ఇళ్ళలో పాకుండలు వండకుండానే అరిసెలు వండొచ్చన్నమాట!

నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు లెక్క వేరు. రెండు నెలలు ముందు పుట్టిన బిడ్డకు ఇప్పుడు అయిదు నెలలుంటే, మూడు నెలల బిడ్డ చేసే పనులే ఆశించాలి.

ఆ గడువులు కూడా దాటిపోతే ఊరుకోకూడదు. నాలుగు నెలలు నిండినా మెడ నిలవకపోవడం, గుప్పిళ్ళు ఎప్పుడూ బిగుసుకునే ఉండటం, ఒకే చేత్తో అందుకుంటూ రెండో చేతిని వాడకపోవడం, తల ఎప్పుడూ ఒకేవైపు తిప్పి ఉంచడం, ఒళ్ళు కర్రలా బిగుసుకోవడం లేదా తడిగుడ్డలా వేలాడటం, తొమ్మిది నెలలు నిండినా కూర్చోలేకపోవడం, ఏడాదిన్నరకి నడక రాకపోవడం, వచ్చిన పనిని మర్చిపోవడం... వీటిలో ఏ ఒక్కటి కనబడినా డాక్టరుకు చూపించాలి. ‘వాళ్ళ నాన్నకీ రెండేళ్ళకే నడకొచ్చింది’ అన్న ఓదార్పు చాలామంది పిల్లల విలువైన నెలల్ని మింగేస్తుంది. సెరిబ్రల్ పాల్సీ లాంటి ఇబ్బంది ఉన్న బిడ్డకు మొదటి ఏడాదిలోనే వ్యాయామ చికిత్స మొదలైతే మేలు ఎక్కువ. మెదడు చెప్పినట్టు వంగే వయసు అదే.

ఇందుకు పట్నం దాకా పరిగెత్తక్కర్లేదు. సీతంపేట కొండల మీద ఉన్నా, భావనపాడు తీరాన ఉన్నా మొదటి గడప అంగన్‌వాడీయే. టీకాలు రాసే మాతా శిశు సంరక్షణ కార్డులో ఏ నెలకు ఏం రావాలో బొమ్మలతో సహా ఉంటుంది. టీకాల పేజీ చూసి మూసేయకుండా ఆ పేజీలూ తిప్పండి. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చినప్పుడు బరువుతో పాటు మెడ, నడుము సంగతీ అడగండి. కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో తెచ్చిన ‘నవచేతన’లో పుట్టినప్పటి నుంచి మూడేళ్ళ దాకా పిల్లలతో ఆడించాల్సిన 140 ఆటలున్నాయి. వాటిని ఇళ్ళకు చేర్చాల్సింది అంగన్‌వాడీలే. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టుకతో వచ్చే లోపాలను, ఎదుగుదలలో ఆలస్యాన్ని గుర్తించి ఉచితంగా చికిత్సకు పంపే ఏర్పాటు ఉంది. శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లోని ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రుల్లో పిల్లల విభాగాలున్నాయి. అనుమానం ఉంటే వెళ్ళి చూపించుకోవడమే. ఏమీ లేదని తేలితే అంతకన్నా కావలసిందేముంది?

బిడ్డ ఎప్పుడు బోర్లా పడుతుందో, ఎప్పుడు అడుగేస్తుందో ముహూర్తం పెట్టడం ఎవరి చేతుల్లోనూ లేదు. అందుకు చోటివ్వడం మాత్రం ఇంట్లోవాళ్ళ చేతుల్లోనే ఉంది. ఇవాళ ఆదివారం, ఇంటిల్లిపాదీ ఉంటారు. అటక మీది బొంతను దించి, ఎండలో ఆరేసి, హాల్లో పరవండి. దాని పక్కన మీరూ పడుకోండి... ఫోను మాత్రం ఇంకో గదిలో పెట్టి!